పశువుల మందు, మనుషుల మందు
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభలో ప్రధానోపాధ్యాయిని పాఠశాల చరిత్ర చెప్పటం ఆనవాయితీ. ఆ చరిత్ర ఈ సంచికలో అన్యత్ర ఉన్నది గనుక నేను పశువులను గురించి మాట్లాడదలచుకున్నాను. నవ్వకండి. మన పిల్లలలో చాలామంది తెల్లవారుజామున పాలు పితికి, ఆ తరువాత పలకాపుస్తకం పట్టుకొని వచ్చేవారే. మనది దేవణి ఎడ్లకు పేరుపడ్డ సీమ. 2004 నాటి చట్టంతో ఏర్పడిన కర్ణాటక పశువైద్య, పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయం మన బీదరులోనే ఉన్నది. అయినా పశువు జబ్బుపడితే మనం మొదట వెళ్ళేది మందుల దుకాణానికే!

ఈ కథకు మూలపురుషులలో ఒకరు మన తెలుగువారు. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు తన సోదరులిద్దరిని స్ప్రూ అనే వ్యాధికి పోగొట్టుకొని, వైద్యం చదివి, అమెరికా చేరి, 1940లో లెడర్లీ సంస్థలో పరిశోధనా బాధ్యతలు చేపట్టారు. ఆయన నాయకత్వంలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీ రాష్ట్రపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1948లో అది లోకానికి వెల్లడయింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. 1994లో సూరత్ నగరంలో ప్లేగు భయం పుట్టినప్పుడు ప్రజలు పరుగెత్తి కొన్నది ఈ కుటుంబపు మందునే.

తరువాత జరిగినది ఆయన చూడలేదు. అదే లెడర్లీలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే శాస్త్రజ్ఞులు బి12 విటమిన్ కోసమని ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపారు. పిల్లలు విటమిన్ లెక్కకు మించి పెరిగాయి. కారణం, పిప్పిలో మిగిలిన మందు. 1950లో ఈ సంగతి బయటపడింది. అంటే మన పాఠశాల ప్రాయమే దానిదీ. నాటినుండి జబ్బులేని కోళ్ళకు, పందులకు, దూడలకు కూడా దాణాతో మందు తినిపించటం దేశదేశాల్లో వ్యాపారమయింది.

ఇందులో చిక్కేమిటి? కొద్దిపాటి మందుకు బలహీనమైన సూక్ష్మజీవులు చస్తాయి, గట్టివి మిగిలి సంతానాన్ని పెంచుకుంటాయి. అంతటితో ఆగితే బాగుండేది. ఒక జాతి సూక్ష్మజీవి మందును ఓర్చుకునే గుణాన్ని వేరొక జాతికి అందించగలదని జపానువారు 1959లోనే కనిపెట్టారు. కోడి కడుపులో నేర్చిన విద్య మనిషి కడుపులోని క్రిమికి చేరుతుందన్నమాట. బ్రిటనులో స్వాన్ సంఘం 1969లోనే హెచ్చరించింది. ఐరోపా సమాఖ్య 2006లో గాని పెరుగుదల కోసం దాణాలో ఈ మందులను పూర్తిగా నిషేధించలేదు. చివరి అస్త్రంగా వైద్యులు దాచుకునే కొలిస్టిన్‌ను సైతం ఓర్చుకునే జన్యువు, అలా చేతులు మారగలిగేది, చైనాలో పందులలోను మనుషులలోను కనబడినట్లు 2015లో తెలిసింది. మన ప్రభుత్వం 2019లో ఆహారపు పశుపక్ష్యాదులకు కొలిస్టిన్ వాడరాదని ఉత్తరువిచ్చింది.

ఇతరులను తప్పుపట్టే ముందు నా తప్పు చెప్పుకోవాలి. చాలా ఏళ్ళు నా బల్ల సొరుగులో టెట్రాసైక్లిన్ గుళికలు ఉండేవి. పిల్లకు జ్వరమన్నా, జలుబన్నా ఒకటి ఇచ్చి పంపేదాన్ని. జలుబుకు ఆ మందు పనిచేయదని, ఎదిగే పిల్లల పళ్ళకు అది పచ్చని మచ్చ తెస్తుందని అప్పుడు నాకు తెలియదు. ఒకనాడు ఒక విద్యార్థిని తల్లి వచ్చి, "మేడమ్, బర్రెకు పొదుగువాపు వచ్చింది, మీ దగ్గరి గోళీలు రెండు ఇవ్వండి" అన్నది. నేను ఇచ్చాను కూడా! ఆ పాలు ఆ సాయంత్రం ఏ ఇంట టీ అయినవో ఆలోచించలేదు. మందు వాడిన పశువు పాలు సీసాపై రాసిన గడువు తీరేదాకా వాడరాదని నాకు ఒక పశువైద్యుడు చెప్పేసరికి ఆ బర్రె మూడు చన్నులకు వచ్చింది. ఆ పిల్ల ఇంటిలో పాలమ్మకమే ఫీజు డబ్బు.

మందు కన్న ముందు లెక్క ఉన్నది. ఏ జబ్బు ఏ ఊళ్ళో, ఏ మాసంలో, ఎన్నింటికి వచ్చినదో రాసిపెట్టి, రాబోయేదానిని పసిగట్టటం ఒక శాస్త్రం. బెంగళూరు యలహంకలోని జాతీయ పశురోగ పరిశోధనా సంస్థ చేసేది ఆ పనే. నెలనెలా, ఏ జిల్లాకు ఏ రోగపు ముప్పున్నదో ముందుగా తెలుపుతుంది. ఊరూరా టీకాలు, ఈ విధమైన గాలింపు కలిసే రిండర్‌పెస్టును నిర్మూలించాయి. మందలకు మందలను తుడిచిపెట్టిన ఆ రోగం 2011లో భూమి మీద లేనేలేదని ప్రకటించారు. దానికి యాంటీబయాటిక్ ఏ రోజూ పనిచేయలేదు, అది వైరసు గనుక. గాలికుంటు కూడా అంతే. గొంతువాపు, జబ్బవాపు బాక్టీరియా వల్ల వచ్చేవి; వాటికీ తొలకరికి ముందే టీకా వేయిస్తే సూదిమందుతో పనే తక్కువ.

అందుచేత ఈ ఏడు తొమ్మిదవ తరగతి విద్యార్థులకు ఒక పని అప్పగించాను. తమ వీధిలోని ప్రతి పశువుకు ఏ టీకా ఎప్పుడు పడినదో, ఏ మందు ఎందుకు, ఎవరు చెప్పగా వాడినారో ఒక నోటుపుస్తకంలో రాయాలి. మొదటి పుస్తకం ఇప్పటికే సగం నిండింది. అందులో "ఎవరు చెప్పగా" అన్న గడిలో ఎక్కువచోట్ల "దుకాణదారు" అని ఉన్నది, ఒకచోట మాత్రం "పెద్ద మేడమ్" అని ఉన్నది. దానిని కొట్టివేయవద్దని పిల్లలకు చెప్పాను. పుస్తకం నా గదిలో బల్ల మీద ఉన్నది. సభ అయిన తరువాత పెద్దలు వచ్చి చూడవచ్చును. తమ పశువుల వివరాలు చేర్చదలచినవారికి కలం కూడా పక్కనే ఉంచాను.