మిస్సింగ్ కొట్టే పాత బండి

(సూరత్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పాత బళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చదివింది ఇంటర్మీడియట్. మిగతా చదువంతా సికింద్రాబాదు ఇ.ఎం.ఇ. సెంటర్లోను, తర్వాత వర్క్‌షాపుల్లో జోంగాలు, అంబాసిడర్ల కింద పడుకొనీ నేర్చుకున్నదే. అందుకని పుస్తకం భాష కాకుండా షెడ్డు భాషలోనే చెప్తాను.

ఇక్కడ సూరత్‌లో ఒక జరీ వ్యాపారి దగ్గర ఎం.జి.ఎ. అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉంది. ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1955 నుంచి 1962 దాకా లక్షకు పైగా తయారైన బండి. పేరు విని బెదరనక్కర్లేదు. మొదట్లో దానికి వేసిన 1489 సి.సి. ఇంజనూ, మన ఉత్తర్‌పారా అంబాసిడర్‌కు 1959 నుంచి వేసిన 1489 సి.సి. ఇంజనూ ఒక్క తల్లి బిడ్డలే. దీనికి కార్బ్యురేటర్లు రెండు, దానికి ఒకటి. స్టాఫ్ కారు విప్పిన చెయ్యి ఎవరిదైనా సరే, దీని మీదా పనిచేస్తుంది.

ఈ బండికి డ్రైవరు మన తెలుగువాడే, నాయక్‌గా రిటైరైన ఎ.ఎస్.సి. మనిషి. ఒకరోజు నాకు ఫోను చేసి, "సాబ్, బండి మిస్సింగ్ కొడుతోంది. పెట్రోలు అమ్ముకొని నేనేదో కలిపానని సేటు అనుమానం. ఈ నెల జీతం ఆపాడు. మీరొకసారి చూడాలి సాబ్" అన్నాడు. గొంతు బాగాలేదు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్క ఎర్ర ఇంక్ ఎంట్రీ లేనివాడు. అప్పటికే ఒక మెకానిక్కు ప్లగ్గులు, కాయిలు మార్చేసి, ఇక ఇంజన్ దించి బోరింగ్ చెయ్యాలని చెప్పి ఉన్నాడట.

మిస్సింగ్ అన్నప్పుడు స్పానర్ పట్టే ముందు చెవి పెట్టాలి. సైలెన్సర్ దగ్గర నిలబడి వినండి. "టక్ టక్ టక్, గ్యాప్" అని లెక్కగా వస్తే ఒకే సిలిండర్ తప్పిస్తోందన్నమాట. లెక్కాపత్రం లేకుండా దగ్గుతుంటే నాలుగింటికీ ఉమ్మడిగా ఉండేదేదో పాడైంది. ఈ ఒక్క తేడాతో సగం పని అయిపోతుంది.

ఒకే సిలిండరైతే, స్లో మీద నడుస్తుండగా రబ్బరు పిడి పకడుతో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి పెట్టి చూడాలి. ఏది తీసినప్పుడు ఇంజన్ చప్పుడు మారదో అదే దొంగ. (కంప్యూటరున్న కొత్త బళ్ళకు ఇలా చెయ్యకండి, ఖర్చవుతుంది.) ఆ ప్లగ్గును పక్క సిలిండర్‌లో వెయ్యండి. జబ్బు ప్లగ్గుతో పాటు వెళ్తే ప్లగ్గుదే తప్పు. వెళ్ళకపోతే వైరు, డెల్కో క్యాప్, ఆపైన కంప్రెషన్ చూడాలి. ఈ ఇంజన్లో పక్కపక్కనున్న 2, 3 రెండూ కలిసి చచ్చిపోతే వాటి మధ్య హెడ్ గాస్కెట్ మీదికి అనుమానం పోవాలి. 1, 2 కలిసి బలహీనపడితే ముందు కార్బ్యురేటర్ చూడాలి, ఎందుకంటే ఆ రెండింటికీ గాలి దారి ఒక్కటే.

సేటు బండి మాత్రం లెక్క లేకుండా దగ్గింది. స్లోలో శుభ్రంగా ఉంది. డుమస్ రోడ్డు మీదికి తీసుకెళ్ళాం. యాక్సిలరేటర్ కొంచెం నొక్కి నిదానంగా పోతుంటే మిస్సింగ్. పూర్తిగా తొక్కితే మిస్సింగ్ మాయమై బండి దూసుకెళ్ళింది! నాకు అక్కడే వెలిగింది. పెట్రోలు అందకపోతే పూర్తిగా తొక్కినప్పుడే ఎక్కువ తెలియాలి, అప్పుడే కదా దానికి ఎక్కువ తాగడం కావాలి. కాయిలు, ప్లగ్గు బలహీనమైనా అంతే. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినప్పుడే స్పార్కు దూకలేక ఓడిపోతుంది. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. బోరు అరిగితే పొగ, నూనె కనబడాలి, అవీ లేవు.

సగం తొక్కుడులో జరిగేది, పూర్తి తొక్కుడులో జరగనిది ఒక్కటుంది. కార్బ్యురేటర్ నుంచి డెల్కోకు ఒక సన్నని గొట్టం వస్తుంది. సగం తొక్కినప్పుడు దాని గుండా వాక్యూమ్ లాగి, పాయింట్లు బిగించిన పళ్ళేన్ని కొంచెం తిప్పుతుంది, స్పార్కు ముందుకు జరగడానికి. పూర్తిగా తొక్కితే వాక్యూమ్ పోయి పళ్ళెం వెనక్కి వచ్చేస్తుంది. పళ్ళెం తిరిగినప్పుడల్లా దానితో పాటు లోపలి చిన్న కరెంటు తీగ కూడా వంగుతుంది. ఏళ్ళ తరబడి వంగి వంగి, పైన తొడుగు బాగానే ఉన్నా లోపలి పోగులు తెగిపోతాయి. చూస్తే కనబడదు.

షెడ్డుకు వచ్చి ఇంజన్ స్లోలో పెట్టి, డెల్కో వైపు ఒక రబ్బరు గొట్టం తగిలించి నోటితో పీల్చాను. ఇంజన్ దగ్గి ఆగబోయింది. వదిలాను, సర్దుకుంది. గొట్టం సేటు చేతికిచ్చి "మీరే పీల్చండి" అన్నాను. ఆయన మూడుసార్లు పీల్చాడు, మూడుసార్లూ దగ్గింది. పెట్రోలు ట్యాంకు మూత ఎవరూ ముట్టుకోలేదు. సేటు కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత మన నాయక్ వైపు తిరిగి గుజరాతీలో ఏదో అన్నాడు, నాకు సగమే అర్థమైంది. ఆపిన జీతం మర్నాడే ఇచ్చాడని తెలిసింది.

తీగ మార్చడానికి అరగంట పట్టింది. ఇంట్లో వాడే కరెంటు వైరు పనికిరాదు, బిరుసుగా ఉంటుంది, మళ్ళీ విరుగుతుంది. పాత అంబాసిడర్ డెల్కోలోంచి మెత్తటి, సన్న పోగుల తీగ తీసి వేశాం. పాయింట్ల గ్యాప్ ఫీలర్ గేజ్‌తో 15 థౌ, ప్లగ్గు గ్యాప్ 25 థౌ పెట్టాం. పళ్ళేన్ని బాడీకి కలిపే ఎర్త్ తీగను కూడా ఆ చేత్తోనే మార్చాం, అదీ ఇలాగే తెగుతుంది.

ఈ ఊళ్ళో ఉండేవాళ్ళకు ఇంకో మాట. ఇది సముద్రం గాలి తగిలే ఊరు. 2006 ఆగస్టులో తాపీ వరద నీళ్ళలో మునిగిన బళ్ళు ఎన్నో. అలాంటి వాటికి ఎర్త్ జాయింట్లన్నీ విప్పి గీకి బిగించాలి. వానాకాలం పొద్దున్నే మిస్సింగ్ వస్తే చీకట్లో బోనెట్ ఎత్తి చూడండి. డెల్కో క్యాప్ మీద, వైర్ల మీద నీలం మెరుపులు పాకుతుంటే కరెంటు అక్కడే కారిపోతోంది. క్యాప్ లోపల పెన్సిల్ గీతలాంటి నల్ల చార కనబడితే తుడిచి లాభం లేదు, మార్చాల్సిందే. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక దగ్గితే కండెన్సర్ మార్చి చూడండి. ఇక పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే రోజులు వచ్చాయి కాబట్టి, పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి పొడి రాలి ఫ్లోట్ చాంబర్‌లో పడుతుంది. దాని మిస్సింగ్ పూర్తిగా తొక్కినప్పుడు వస్తుంది, గుర్తుంచుకోండి. గొట్టాలు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి.

ఎవరి బండికైనా సందేహముంటే భోజనాలయ్యాక బయట చెట్టు కింద ఉంటాను. ఫీలర్ గేజ్ జేబులోనే ఉంది. జై హింద్.