రాత్రికి ఒక్క గంటే ఉంటే వెబ్ డెవలపర్ ఏం నేర్చుకోవాలి?

ఇవాళ ఒక తమాషాతో మొదలుపెడదాం.

[స్క్రీన్ మీద: స్పేస్ జామ్ పాత సైట్]

1996లో స్పేస్ జామ్ అనే హాలీవుడ్ సినిమాకి ఒక వెబ్‌సైట్ చేశారు. నక్షత్రాల బ్యాక్‌గ్రౌండ్, టేబుల్ ట్యాగులతో కట్టిన లేఅవుట్. 2021లో ఆ సినిమాకి రెండో భాగం వచ్చింది. అప్పుడు జనం వెళ్ళి చూస్తే, పాతికేళ్ళ కిందటి ఆ సైట్ కొత్త బ్రౌజర్లలో శుభ్రంగా తెరుచుకుంది. ఇప్పుడు మీ గిట్‌హబ్‌లో నాలుగైదేళ్ళ కిందటి రియాక్ట్ ప్రాజెక్ట్ ఏదైనా తీసి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టండి. చాలాసార్లు స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలే.

రెండూ వెబ్బే కదా, మరి ఎందుకీ తేడా? ఈ ప్రశ్న నాకు తీరిగ్గా కూర్చుంటే తట్టింది కాదు, తీరిక లేకపోవడం వల్ల తట్టింది. పెళ్ళికి ముందు రూమ్‌లో ఉన్న రోజుల్లో ఆఫీసు అయ్యాక రాత్రంతా నాదే. ఏ కొత్త ఫ్రేమ్‌వర్క్ వచ్చినా శని, ఆదివారాలు కూర్చుని ఒక టూడూ యాప్ కట్టేసేవాణ్ణి. ఇప్పుడు పాప ఉంది. ఊళ్ళో నాన్నగారి చెకప్‌లున్నాయి. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని ఆఫీసు హాల్లోకే వచ్చి కూర్చుంది. పాప పడుకున్నాక మిగిలేది మహా అయితే గంట. ఆ గంట దేనికి ఖర్చు పెట్టాలి?

జవాబు దొరకాలంటే ముందు ఒక సంగతి అర్థం కావాలి. మనం రాసే పని రెండు అంతస్తుల్లో ఉంటుంది. కింద బ్రౌజర్: హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్. పైన రియాక్ట్, యాంగ్యులర్, వ్యూ లాంటివి. పై అంతస్తు వెర్షన్ మన చేతిలో ఉంటుంది. ప్యాకేజ్ జేసన్‌లో ఏ నంబర్ రాస్తే అదే వస్తుంది. అందుకే ఫ్రేమ్‌వర్క్ చేసేవాళ్ళు ధైర్యంగా పాతది తీసేసి కొత్తది పెట్టగలరు. ఇష్టమైతే మారతాం, లేకపోతే పాత నంబర్ మీదే ఉంటాం.

బ్రౌజర్ వెర్షన్ అలా కాదు, అది యూజర్ చేతిలో ఉంటుంది. రాత్రి క్రోమ్ అప్‌డేట్ అయింది, పొద్దున బ్యాంకు సైట్ తెరుచుకోలేదు అనుకోండి, యూజర్ తిట్టేది బ్రౌజర్‌నే. పోనీ సైట్ చేసినవాళ్ళు సరిచేస్తారా అంటే, వాళ్ళు ఎప్పుడో కంపెనీ మారిపోయి ఉంటారు. అందుకని బ్రౌజర్ వాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది: పాత పేజీని చెడగొట్టకూడదు.

దీనికి మంచి ఉదాహరణ 2018లో జరిగింది. జావాస్క్రిప్ట్ ప్రమాణం రాసేవాళ్ళు అర్రేలకి ఫ్లాటెన్ అనే మెథడ్ పెడదామనుకున్నారు. ఫైర్‌ఫాక్స్ ప్రయోగాత్మక వెర్షన్‌లో పెట్టగానే ఒక సైట్ దెబ్బతింది. కారణం మూటూల్స్ అనే పాత లైబ్రరీ. అది ఎప్పుడో తన సొంత ఫ్లాటెన్ పెట్టుకుంది, రెండింటికీ పొసగలేదు. "పాత లైబ్రరీయే కదా, పోతే పోనీ" అనలేదు వాళ్ళు. పేరే మార్చుకున్నారు. అందుకే ఈరోజు మనం రాసేది ఫ్లాటెన్ కాదు, ఫ్లాట్. టైప్ ఆఫ్ నల్ అని అడిగితే ఆబ్జెక్ట్ అని తప్పు జవాబు రావడం కూడా ఇలాంటిదే. మొదటి వెర్షన్ నాటి పొరపాటు. సరిదిద్దితే పాత సైట్లు పడిపోతాయని అలాగే ఉంచేశారు.

"మరి ఫ్లాష్ పోయింది కదా అన్నా?" అని అడుగుతారు. పోయింది, 2020 డిసెంబర్ 31తో అడోబీ సపోర్ట్ ఆపేసింది. కానీ ఫ్లాష్ వెబ్ ప్రమాణం కాదు, ఒక కంపెనీ సొత్తయిన ప్లగిన్. ఆ కంపెనీ చాలనుకుంది, అయిపోయింది. ఏదైనా నేర్చుకునే ముందు ఇది ఎవరి సొత్తు అని ఒక్కసారి అడిగి చూడండి.

ఇప్పుడు పై అంతస్తు. 2010లో వచ్చిన యాంగ్యులర్ జేఎస్‌ని గూగుల్ 2016లో మొదటినుంచీ తిరగరాసింది. పాతదానికి 2021తో సపోర్ట్ ఆగింది. 2013లో వచ్చిన రియాక్ట్‌లో క్లాస్ కాంపోనెంట్లు నేర్చుకున్నాం. 2019లో హుక్స్ వచ్చాక రాసే పద్ధతే మారిపోయింది. అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు చూసినా ఇదే చరిత్ర కనిపిస్తుంది, పైన కొత్త కోర్సు పేరు, కింద పాతది.

అలాగని ఫ్రేమ్‌వర్కులు వద్దని నేను అనను. జీతం వచ్చేది వాటి మీదే. ఇంటర్వ్యూలో అడిగేదీ అవే. జేక్వెరీ సంగతి చూడండి. 2006లో వచ్చింది, బ్రౌజర్ల మధ్య తేడాలతో చస్తున్నవాళ్ళకి ప్రాణం పోసింది. తర్వాత అది చేసే పనులు చాలావరకు బ్రౌజరే నేర్చేసుకుంది: క్వెరీ సెలెక్టర్, క్లాస్ లిస్ట్, ఫెచ్. అది ఏ చిక్కు విప్పడానికి పుట్టిందో తెలిసినవాళ్ళు సులువుగా బయటపడ్డారు. డాలర్ గుర్తు మాత్రమే బట్టీపట్టినవాళ్ళకే కష్టమైంది.

కాబట్టి నా లెక్క ఇది: కంపెనీకి కావాల్సిన ఫ్రేమ్‌వర్క్‌ని కంపెనీ టైములోనే నేర్చుకోండి. మేనేజర్‌ని మొహమాటపడకుండా అడగండి. ఇంట్లో మిగిలిన గంట మాత్రం బ్రౌజర్‌కి ఇవ్వండి. ఆ గంట పదేళ్ళ తర్వాత కూడా పనికొస్తుంది.

ఏఐ వచ్చాక ఈ లెక్క ఇంకా గట్టిపడింది. రియాక్ట్ కాంపోనెంట్ రాయమంటే క్షణాల్లో రాసిస్తుంది. కానీ అది బాగుందో లేదో చెప్పాల్సింది మనమే. రెండు ఉదాహరణలు.

[స్క్రీన్ మీద: ఒకేలా కనిపించే రెండు బటన్లు]

వీటిలో ఒకటి బటన్ ట్యాగ్, ఇంకొకటి ఆన్‌క్లిక్ తగిలించిన డివ్. మౌస్‌తో నొక్కితే రెండూ పనిచేస్తాయి. మౌస్ వదిలేసి ట్యాబ్ కీ కొట్టండి, డివ్ దగ్గర ఆగదు. చూపు లేనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చెప్పదు. బటన్ ట్యాగ్ అయితే ఇవన్నీ ఊరికే వస్తాయి.

రెండోది మన భాషకి సంబంధించింది. పేరు రాసే బాక్సుకి మ్యాక్స్ లెంగ్త్ 15 పెట్టారనుకోండి. "వేంకట సుబ్రహ్మణ్యం" అని కొడితే మన లెక్కలో ఏడే అక్షరాలు. జావాస్క్రిప్ట్ లెక్కలో మధ్య ఖాళీతో కలిపి 18. యూనికోడ్‌లో గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా ఉంటాయి కాబట్టి. పాపం ఆయన పేరు సగంలో ఆగిపోతుంది. బాక్సు ఎత్తు బిగించి పెడితే కింది ఒత్తులు కూడా తెగుతాయి. ఇంగ్లీషు పేరుతో టెస్ట్ చేసినంతసేపూ ఇది బయటపడదు.

ఏఐ రాసిన కోడ్‌లో ఇలాంటివి పట్టుకునేవాళ్ళకి పని ఉంటుంది. పట్టుకోవాలంటే కింది అంతస్తు తెలియాలి.

సరే, ఇవాళ్టి హోంవర్క్. మీరు ఆఖరున చేసిన ప్రాజెక్ట్ తెరవండి. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్ కీలతోనే లాగిన్ నుంచి చివరి పేజీ దాకా వెళ్ళండి. తర్వాత ప్రతి బాక్సులోనూ మీ ఇంటిపేరుతో సహా పూర్తి పేరు తెలుగులో కొట్టండి. ఎక్కడ ఆగిపోయారో రాసిపెట్టుకోండి. ఈ వారం మీ గంటలో నేర్చుకోవాల్సిన సిలబస్ అదే. వచ్చే వీడియోలో సీఎస్ఎస్ గ్రిడ్ చూద్దాం, ఉంటానండీ.