మందు పడలేదా? వీపు మీద పరీక్ష

జ్వరం మందులు వాడాక ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు వస్తే, మొదట ‘వేడి చేసింది’ అని మజ్జిగ తాగుతారు. తగ్గకపోతే మా దగ్గరికి వచ్చి, ‘ఏ మందు పడలేదో ఇప్పుడే టెస్టు చేసి చెప్పండి’ అంటారు. ఇప్పుడే కుదరదండీ. దద్దుర్లు పూర్తిగా తగ్గాక కనీసం 4 నుంచి 6 వారాలు ఆగాలి. స్టిరాయిడ్ మాత్రలు వాడుతుండగా చేస్తే, పడని మందు కూడా పడినట్టే కనిపించవచ్చు.

ఈ పరీక్షని ప్యాచ్ టెస్ట్ అంటారు. అనుమానమున్న మాత్రను పొడిచేసి, తెల్ల వ్యాజలైన్‌లో కలిపి, చిన్న చిన్న బిళ్లల్లో పెట్టి వీపుకి అతికిస్తాం. 48 గంటలు వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. మన మే నెలలో అది శిక్షే, అందుకే వీలైతే చలికాలంలో రమ్మంటాను. బిళ్లలు తీసి ఒకసారి, మరో రెండు రోజులకి ఇంకోసారి చూస్తాం. ఏ బిళ్ల కింద చర్మం ఎర్రగా, గరుకుగా ఉబ్బిందో ఆ మందు మీదే అనుమానం. కొందరికి మందు వేసుకున్న ప్రతిసారీ పెదవి మీదో, తొడ మీదో అదే చోట నల్ల మచ్చ లేస్తుంది. వాళ్లకి ఆ పాత మచ్చ మీదే అతికించాలి. వీపు మీద పెడితే ఏమీ తేలదు.

ఇంజెక్షన్‌కి ముందు నర్సమ్మ ముంజేతికి వేసే టెస్ట్ డోస్ వేరు. పావుగంట, ఇరవై నిమిషాల్లో చూసే ఆ పరీక్ష వెంటనే వచ్చే ఎలర్జీకే. వారం తర్వాత లేచే దద్దుర్లు దానికి దొరకవు.

ప్యాచ్ టెస్ట్ కూడా అన్నీ చెప్పదు. ఫిట్స్‌కి వాడే కార్బమజెపైన్ చాలామందిలో బయటపడుతుంది, యూరిక్ యాసిడ్‌కి వాడే అలోప్యూరినాల్ దాదాపు బయటపడదు. కాబట్టి ఏమీ రాలేదని ఇంట్లో ఆ మాత్ర మళ్లీ వేసుకోవద్దు. బొబ్బలు, నోట్లో పుండ్లు, కళ్ల ఎరుపు కనిపిస్తే టెస్టు మాట పక్కన పెట్టి, ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లండి.

అసలు ఏ మందు అతికించాలో మాకు తెలియాలిగా! మెడికల్ షాపులో స్ట్రిప్పు కత్తిరించి నాలుగు మాత్రలిస్తారు, పేరున్న ముక్క అక్కడే ఉండిపోతుంది. స్ట్రిప్పుని ఫోన్‌లో ఫొటో తీసి, ఏ రోజు మొదలెట్టారో రాసుకోండి. నాటు మందులు, చూర్ణాలు కూడా దాచకుండా చెప్పండి.

తేలిన మందు పేరు రాయించుకునేటప్పుడు కంపెనీ పెట్టిన పేరు కాదు, లోపలి మందు పేరు అడగండి. ఐబుప్రోఫెన్ పడనివాళ్లు కాంబిఫ్లామ్ కూడా వేసుకోకూడదు, అందులో ఉన్నది పారాసెటమాల్‌తో పాటు అదే.