సగంలో ఆపిన మందు

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాది పచ్చడి రుచి ఇంకా నోట ఉండగానే క్షయ మాట ఎత్తుతున్నందుకు పెద్దలు మన్నించాలి. మేము వైద్యులము కాము. మెట్రిక్ చదివి, రైల్వేలో పాసులు వ్రాసుకొనే గుమాస్తాలము. అయితే ఒక పాసు విషయము మా మనసులో ముల్లువలె ఉండిపోయినది.

మా పెరంబూరు క్వార్టర్సులో విజయనగరం వైపు నుండి వచ్చిన కలాసీ ఒకాయనకు క్షయ అని తేలినది. (ఆయన ఒప్పుకొన్న మీదటనే చెప్పుచున్నాము.) మాత్రలు మొదలుపెట్టిన రెండు నెలలకే జ్వరము పోయి, దగ్గు తగ్గి, ఒళ్ళు చేసినాడు. ఇంతలో కూతురి పెళ్ళి. పాసు వ్రాసి ఇచ్చినది మేమే. "మాత్రలు పెట్టుకొన్నావా బాబాయ్?" అని అడగవలసినది, అడగలేదు. వియ్యాలవారి కంట పడునని ఆయన మాత్రలు ఇక్కడే వదిలి వెళ్ళినాడు. తిరిగి వచ్చిన తరువాత, "ఒంట్లో బాగానే ఉన్నది గదా" అని మానివేసినాడు. నాలుగు నెలలకు దగ్గు మళ్ళీ వచ్చినది. ఈసారి కఫము పరీక్షించి, రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందు ఇక పనిచేయదన్నారు.

ఎందువలన? ఇది లెక్కల సంగతి గనుక మాకు కొంత అర్థమైనది. ఊపిరితిత్తిలో పడిన ఒక్క గుంటలో పది కోట్ల క్రిములుండవచ్చును. వాటిలో ఐసోనియాజిడ్‌కు లొంగనిది సుమారు పది లక్షలకొకటి, రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు పది కోట్లకొకటి పుట్టుకతోనే ఉండును. ఒక్క మందే ఇచ్చినచో లొంగినవి చచ్చి, లొంగనివి ఆ చోటంతా ఆక్రమించును. రెండూ కలిపి ఇచ్చినచో, రెంటికీ లొంగనిది కోటి కోట్లకొకటి. అన్ని క్రిములు మనిషిలో ఉండనే ఉండవు! అందుకే అన్నేసి మాత్రలు. ఇక ఆరు నెలలెందుకందురా, కొన్ని క్రిములు నిద్రపోవుచున్నట్లు పడియుండును. వాటిని చంపుటకు మందుకు చాలా కాలము పట్టును.

బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే 55 మందికి ఇచ్చి చూచి, 1948లో ఫలితము ప్రకటించినారు. ఆరు నెలలలో పోయినది నలుగురే. మందు లేక విశ్రాంతి మాత్రమే తీసుకొన్న 52 మందిలో 14 మంది పోయినారు. అద్భుతమనిపించినది. ఐదేళ్ళకు చూస్తే మందు ఇచ్చినవారిలో 32 మంది, ఇవ్వనివారిలో 35 మంది! క్రిములు మొండికెత్తినవి.

1956లో మన మద్రాసులోనే మరొక పరీక్ష మొదలైనది. 193 మంది బీదలలో కొందరిని శానిటోరియమునకు పంపి, కొందరికి ఇరుకు ఇళ్ళలోనే ఏడాది పాటు ఐసోనియాజిడ్, పాస్ అను రెండు మందులిచ్చినారు. (ఇది మా పాసు కాదు లెండి.) చెప్పకుండా ఇళ్ళకు వెళ్ళి మాత్రలు లెక్కపెట్టేవారట. ఇంట ఉన్నవారికీ ఇంచుమించు అంతే నయమైనదని 1959లో తేలినది.

నేడు మందు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. ఊరికి వెళ్ళువారు ముందుగా చెప్పినచో అక్కడి ప్రభుత్వాసుపత్రిలో దొరుకును. మొండి క్షయకు ఒకప్పుడు ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టేది. 2024లో మన దేశము అంగీకరించిన నాలుగు మందుల పద్ధతిలో, తగిన రోగులకు ఆరు నెలలు చాలును.

బాబాయికిది నాలుగవ నెల. మొన్న పాసుకు వచ్చి, మేము అడగకమునుపే మాత్రల అట్టలు బల్లమీద పెట్టినాడు. వియ్యాలవారికీ సంగతి చెప్పినాడట. ఇప్పుడు అల్లుడే రాత్రిపూట ఫోను చేసి, "మామయ్యా, మాత్ర వేసుకొన్నారా?" అని అడుగుచున్నాడు.