బొమ్మ పక్కన మాట: జపాన్ గురించిన వ్యాసచిత్రాలు, ఛాయాచిత్రాలు



స్మరణ కోసం కూడిన సభ ఇది. కనుక ఒక స్మరణ దృశ్యంతోనే మొదలుపెట్టడం సముచితం. టోక్యోలో సెతగాయా ప్రాంతాన గోతొకుజి అనే బౌద్ధాలయం ఉంది. పిల్లి బొమ్మలకు అది ప్రసిద్ధి. ఒకనాడు ఆ గుడికి భార్యాభర్తలు వచ్చారు. వాళ్ల పిల్లి పేరు తోరా. అది చనిపోలేదు, ఇల్లు విడిచి ఎటో వెళ్లిపోయింది. ఎప్పుడు, ఎక్కడ కన్నుమూస్తుందో తెలియదు కాబట్టి, ఆనాడు జరగవలసిన ప్రార్థన ముందే జరిపించాలని వచ్చారు.

ఫ్రెంచి దర్శకుడు క్రిస్ మార్కర్ 1983లో తెచ్చిన ‘సాన్ సొలేయ్’ చిత్రంలో ఈ దృశ్యం ఉంది. శబ్దం ఆపేసి చూస్తే గుడిలో దణ్ణం పెట్టుకుంటున్న ఇద్దరు మనుషులు కనిపిస్తారు, అంతే. తోరా సంగతి తెలిసేది తెర వెనక నుంచి వినిపించే స్త్రీ కంఠం వల్ల.

వ్యాసంలా ఆలోచనను చెప్పే సినిమాకు, అంటే వ్యాసచిత్రానికి, ప్రాణం అక్కడే ఉంది. మార్కర్ 16 ఎం.ఎం. మూగ కెమెరాతో బొమ్మలు తీశాడు. చప్పుళ్లను విడిగా క్యాసెట్ రికార్డరులో పట్టుకున్నాడు. పెదవికీ మాటకూ ముడి లేనందువల్ల ఏ బొమ్మ పక్కన ఏ మాట పెట్టాలో ఎడిటింగ్ బల్ల దగ్గర తేల్చుకునే వీలు కలిగింది. శాండోర్ క్రాస్నా అనే కల్పిత కెమెరామన్ రాసిన ఉత్తరాలను ఒకామె చదువుతుంటే, చిత్రం టోక్యో నుంచి గినీ-బిసావుకూ ఐస్‌లాండుకూ మనసు తిరిగినట్టు తిరుగుతుంది.

అదే 1983లో జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ కూడా టోక్యో వెళ్లాడు. ఆయన వెతికింది జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు సినిమాల్లోని నగరాన్ని. ఓజు 1963 డిసెంబరు 12న, సరిగ్గా తన అరవయ్యో పుట్టినరోజున మరణించాడు. ఇరవై ఏళ్ల తరవాత వెండర్స్‌కు ఎదురైనవి పచింకో ఆటశాలలు, హోటళ్ల అద్దాల వెనక పెట్టే మైనపు వంటకాలు తయారుచేసే కార్ఖానా. వాటి మధ్యనే ఓజు కెమెరామన్ యుహారు అత్సుతా కనిపించాడు. నేలబారున కెమెరా ఎలా పెట్టేవారో చేసి చూపించి, గురువును తలచుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. 1985 నాటి ‘టోక్యో-గా’లో మనసును పట్టేసే ఘట్టం అది.

ఆ చిత్రంలో మార్కర్ కూడా క్షణకాలం కనిపిస్తాడు. షింజుకులో ఆయన సినిమా ‘లా జెతే’ పేరే పెట్టుకున్న చిన్న బారులో, ముఖం దాచుకుని ఒక్క కన్ను మాత్రం చూపిస్తాడు.

ఇద్దరూ పరాయివాళ్లే. ఆ మాట దాచుకోకపోవడమే వాళ్ల నిజాయితీ. అంతకు నూటఇరవై ఏళ్ల ముందు, 1863లో యొకొహామా చేరిన మరో పరాయి ఫొటోగ్రాఫర్ ఫెలీచే బియాటో తీసిన ఫొటోలకు స్థానిక చిత్రకారులు చేత్తో రంగులద్దేవారు. విదేశీయులు వాటిని ఆల్బములుగా కొనుక్కుపోయేవారు. కొనేవాడి కోరికకు తగ్గ జపాన్ ఆ బొమ్మల్లో తయారైంది.

మరి జపాన్ తనను తాను ఎలా చూసుకుంది? జపాన్ ఫొటోగ్రాఫర్ షోమెయ్ తోమత్సు 1961లో నాగసాకి వెళ్లాడు. ఆయన తీసిన ఒక చేతిగడియారం ముళ్లు 11:02 దగ్గర ఆగిపోయి ఉన్నాయి. 1945 ఆగస్టు 9న అణుబాంబు పేలిన సమయం అది. ఆ అంకెలే 1966లో ఆయన పుస్తకానికి పేరయ్యాయి. మరో ఫొటోలో ఉన్నది తోలు ఒలిచిన జంతువు శరీరమేమో అనిపిస్తుంది. అది వేడికి కరిగి వంకరపోయిన సీసా అని శీర్షిక చదివాక తెలుస్తుంది. తెలిశాక కూడా ఆ మొదటి భయం పోదు. మరో ఫొటోగ్రాఫర్ కికుజి కవాదా హిరోషిమాలో శిథిలమైన గుమ్మటం గోడల మరకలను తీసి, 1965 ఆగస్టు 6న, బాంబు పడి సరిగ్గా ఇరవై ఏళ్లు నిండిన రోజున, ‘చిజు’ పేరుతో పుస్తకంగా తెచ్చాడు. ఆ మాటకు పటం అని అర్థం.

బొమ్మ మాటకు లొంగకూడదన్న వాదమూ అక్కడే పుట్టింది. 1968 నవంబరులో మొదలైన ‘ప్రొవోక్’ పత్రిక మూడే సంచికలు వచ్చింది. ఫొటోగ్రాఫర్లు తకుమా నకాహిరా, రెండో సంచిక నుంచి దైదో మోరియామా ఇందులో పాల్గొన్నారు. గరుకుగా, కదిలిపోయి, మసకబారిన ఫొటోలు వేశారు. భాష అందుకోలేని వాస్తవపు ముక్కలను కెమెరా పట్టుకోవాలన్నది వాళ్ల పట్టుదల.

జపాన్ గురించి ప్రదర్శన పెట్టేవారు వీటన్నిటినీ ఒకే కప్పు కింద ఉంచాలి. బియాటో రంగుల ఆల్బము ఎదుట తోమత్సు గడియారం, మార్కర్ కంఠం వినిపించే గది పక్కనే ‘ప్రొవోక్’ మౌనం ఉండాలి. అతిథి చూపును ఇంటివాళ్ల చూపు సరిదిద్దుతుంది. ఇంటివాళ్లు అలవాటుపడి గమనించని పిల్లి ప్రార్థనను అతిథి చూపిస్తాడు.

‘సాన్ సొలేయ్’ వ్యాఖ్యానం ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మన్, జపనీస్ భాషల్లో వేర్వేరు కంఠాలతో రికార్డయింది. ఆ భాషలు తెలిసినవారు కింద అక్షరాలు చదువుకుంటూ బొమ్మను పోగొట్టుకోనక్కర్లేదు. మన ఫిల్మ్ సొసైటీలు, విశ్వవిద్యాలయాల కళావిభాగాలు తగిన అనుమతి తీసుకుని ఆ ఉత్తరాలను మంచి తెలుగులోకి తెచ్చి, ఒక మంచి కంఠంతో చదివించాలి. తోరా కోసం వచ్చిన ఆ దంపతుల కథ మన విద్యార్థులు తెలుగులో వినాలి. ఈ సభ తరఫున ఆ పని ఎవరైనా తలకెత్తుకోవాలని మనవి.