తెగిన పోగు ఎక్కడ? - ఇంటి కంప్యూటర్ల మధ్య రిమోట్ డెస్క్‌టాప్



సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. మరమగ్గం మీద పోగు తెగితే అక్కడి కార్మికుడు ఏం చేస్తాడు? మగ్గం ఆపుతాడు. అంతేగాని పడుగంతా విప్పడు. తెగిన చోటు వెతికి, అక్కడే ముడి వేస్తాడు. ఈనాటి మన పాఠానికీ ఇదే సూత్రం.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకోండి. కింది గదిలో నాన్నగారి చీరల వ్యాపారం లెక్కలున్న కంప్యూటర్ ఉంది. మేడ మీద మీ ల్యాప్‌టాప్ ఉంది. రెండూ ఒకే రౌటరుకు కలిసి ఉన్నాయి. మేడ మీద కూర్చుని కింది కంప్యూటర్‌ను నడపడమే రిమోట్ డెస్క్‌టాప్. నిన్నటి దాకా బాగా పనిచేసింది. ఈ రాత్రి కలవడం లేదు. తెల్లవారేసరికి బిల్లులు సిద్ధం కావాలి. కంగారులో నాలుగు సెట్టింగులు ఒకేసారి మారిస్తే, అసలు లోపం ఏదో ఎప్పటికీ తెలియదు. అందుకే వరుసగా నాలుగు ప్రశ్నలు వేసుకుందాం.

మొదటి ప్రశ్న: కింది కంప్యూటర్ మేలుకొని ఉందా? స్లీప్ స్థితిలో ఉంటే అది పిలుపునకు జవాబివ్వదు. పవర్ సెట్టింగులలో స్లీప్‌ను ఆపివేయాలి.

రెండవ ప్రశ్న: దాని చిరునామా మారిందా? ఇంట్లోని ప్రతి యంత్రానికీ రౌటరు 192.168.1.5 వంటి ఒక సంఖ్యను కొంత కాలానికి మాత్రమే ఇస్తుంది. కరెంటు పోయి వచ్చాక వేరే సంఖ్య ఇవ్వవచ్చు. కింది కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఐపీకాన్ఫిగ్ అనే ఆదేశం ఇవ్వండి. నిన్నటి 5 నేడు 8 అయితే, తెగిన పోగు దొరికినట్టే. రౌటరులో ఆ యంత్రానికి ఒకే చిరునామాను కేటాయిస్తే మళ్లీ ఈ చిక్కు రాదు.

మూడవ ప్రశ్న: దారి ఉందా? ల్యాప్‌టాప్ నుంచి ఆ చిరునామాకు పింగ్ చేయండి. జవాబు వస్తే దారి ఉన్నట్టే. రాకపోతే దారి లేదని మాత్రం అనుకోకండి. ఫైర్‌వాల్ పింగ్‌ను అడ్డుకుని ఉండవచ్చు. ల్యాప్‌టాప్ పొరపాటున అతిథుల వైఫైకి కలిసిందేమో కూడా చూడండి. చాలా రౌటర్లు ఆ వైఫైని ఇంటి యంత్రాలతో కలవనివ్వవు.

నాలుగవ ప్రశ్న: తలుపు తెరిచి ఉందా? రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగా 3389 అనే పోర్టులో వింటుంది. పవర్‌షెల్‌లోని టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆదేశంతో దాన్ని పరీక్షించవచ్చు. తలుపు మూసి ఉంటే, రిమోట్ డెస్క్‌టాప్ ఆపివేసి ఉందా, ఫైర్‌వాల్ అడ్డుతోందా అని చూడాలి. తెరిచి ఉంటే దారిలో లోపం లేదు. పేరు, పాస్‌వర్డ్ సరిచూడండి. పాస్‌వర్డ్ లేని ఖాతాను విండోస్ మామూలుగా ఇలా లోపలికి రానివ్వదు.

మొదటిసారి అమర్చేవారికి ఇంకొక మాట. విండోస్ హోమ్ ఉన్న యంత్రం నుంచి ఇతర యంత్రాలకు వెళ్లవచ్చు. దాని లోపలికి మాత్రం ఈ పద్ధతిలో రాలేరు. అందుకు ప్రో వంటి రకం కావాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. విసుగెత్తి ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపకండి. ఇంటి నెట్‌వర్క్‌కు మాత్రమే రిమోట్ డెస్క్‌టాప్‌ను అనుమతించండి. బయటి ఊరి నుంచి కూడా వాడుకోవాలని రౌటరులో 3389ను ఇంటర్నెట్‌కు తెరవకండి. 2019లో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. దాని వల్ల పాత విండోస్ యంత్రాలలోకి పాస్‌వర్డ్ లేకుండానే చొరబడే వీలుండేది. మైక్రోసాఫ్ట్ అప్పటికే మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి సైతం సవరణ విడుదల చేయవలసి వచ్చింది. బయటి నుంచి తప్పనిసరిగా కలవాలంటే వీపీఎన్ మార్గం మేలు. ఒక్క రాత్రి సౌకర్యం కోసం నాన్నగారి ఏళ్ల లెక్కలను వీధిలో పెట్టకూడదు కదా!

ఇంట్లో పెద్దల అనుమతితో ఈ నాలుగు పరీక్షలూ చేసి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఏం మార్చారో, ఏం జరిగిందో నోటుపుస్తకంలో రాయండి. ప్రయోగశాలలో మీరు చేసేదీ ఇదే. సెలవు.