బిడ్డకు మొదటి బువ్వ



కొండగట్టు అంజన్న గుడికి ఎందరో తల్లులు చంటిబిడ్డలతో వస్తారు. కొందరు అక్కడే బిడ్డ నాలుకకు ఇంత పాయసం నాకిస్తారు. సంతోషమే! కానీ ఇంటికి పోయినంక మర్నాటి బువ్వ సంగతి మరిచిపోతారు.

ఆడబిడ్డకు 5వ నెల, మగబిడ్డకు 6వ నెల అంటారు పెద్దలు. బిడ్డ కడుపుకు ఆ తేడా లేదు. ఎవరికైనా 6 నెలలు నిండేదాకా తల్లిపాలే. నీళ్లు కూడా వద్దు. నిండినంక పాలు ఒక్కటే చాలవు. పుట్టినప్పుడు ఒంట్లో ఉన్న ఇనుము అప్పటికి తగ్గిపోతుంది. బువ్వ ఆలస్యమైతే బిడ్డకు రక్తం తగ్గుతుంది, ఎదుగుదల ఆగుతుంది.

"పండ్లు రాలేదు, ఏం తింటడు?" అని అత్తమ్మ అడుగుతుంది. చిగుళ్లతోనే తింటడు! అన్నం, పెసరపప్పు మెత్తగా ఉడికించి మెదపాలి. కొంచెం నూనె గానీ నెయ్యి గానీ వేయాలి. పప్పు మీది తేట పోస్తే కడుపు నిండుతుంది, బలం రాదు. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి. మొదట 2, 3 చెంచాలు, రోజుకు రెండుసార్లు. ఉమ్మేస్తే కోపం వద్దు, రేపు మళ్లీ పెట్టాలి. మెల్లగా ఆకుకూర, అరటిపండు, ఉడికిన గుడ్డు అలవాటు చేయాలి. ఏడాది దాకా తేనె నాకించొద్దు. 9 నెలలు నిండితే అర గిన్నె, 3, 4 సార్లు. రెండేళ్ల దాకా తల్లిపాలు మానొద్దు.

అంగన్‌వాడీలో 7వ నెల నుంచి బాలామృతం ఇస్తారు, నెలకు 2.5 కిలోలు. అది చిన్నబిడ్డ వాటా. ఇంటిల్లిపాదికీ పంచితే ఆ బిడ్డకే మిగలదు.

బీడీలు చేసే అక్కలు తంబాకు చేతులతో బువ్వ కలపొద్దు. చాట పక్కకు పెట్టి, సబ్బుతో గోళ్ల సందులు కూడా కడుక్కొని గిన్నె పట్టాలి. పాకే బిడ్డకు ఆ చాట అందకుండా చూడాలి.